నిర్వాహకుడి మౌనం ఎవరి నేరం?

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ విషయంలో మన అభ్యుదయ మిత్రులకు రెండు గొంతులున్నాయి. సభలో మాట్లాడే గొంతు ఒకటి: "ఇక్కడ ఆస్తి రద్దయింది. వెయ్యి చేతులు కలిసి పనిచేస్తున్నాయి. రేపటి సమాజానికి ఇదే నమూనా." సభ ముగిసి, ఇంటికి వెళ్ళి, కంప్యూటరు ముందు కూర్చున్నాక రెండో గొంతు వినబడుతుంది: "ఈ ప్యాకేజీ రాసినవాడు ఏడాదిగా ఉలకడు, పలకడు. వీడికి బాధ్యత లేదు. దీన్ని వీడి చేతిలోంచి లాగెయ్యాలి." మొదటి గొంతులో భక్తి ఉంది. రెండోదాంట్లో యజమాని కోపం ఉంది. ఈ రెండూ ఒకే మనిషివి కావడం కాకతాళీయం కాదని నా వాదం. రెంటికీ మూలం ఒకే పొరపాటు. ఆస్తి ప్రశ్న తీరితే శ్రమ ప్రశ్న దానంతట అదే తీరుతుందనుకోవడమే ఆ పొరపాటు.

ఈ రంగంతో పరిచయం లేని ఉపాధ్యాయ మిత్రుల కోసం విషయం కొంచెం విప్పి చెబుతాను. ఇవాళ ఏ సాఫ్ట్‌వేరూ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఒకరే రాసింది కాదు. బ్యాంకుదైనా, ఆసుపత్రిదైనా, మన పరీక్షల విభాగానిదైనా, దాని అడుగున ఎన్నో చిన్న చిన్న ప్యాకేజీలుంటాయి. ఒకటి ఫైళ్ళను కుదిస్తుంది. ఒకటి తేదీలు లెక్కగడుతుంది. ఒకటి అక్షరాలను తెరమీద పేరుస్తుంది. వీటిలో చాలా భాగం, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచిపెట్టవచ్చు అన్న హామీతో ఎవరో లోకానికి వదిలినవి. ప్రతిదానికీ ఒక నిర్వాహకుడుంటాడు, మెయింటెయినర్ అంటారు. తప్పులు దిద్దేదీ, ఇతరులు పంపిన సవరణలు పరిశీలించి చేర్చేదీ, కొత్త విడుదల చేసేదీ అతనే, లేదా ఆమే. చాలా ప్యాకేజీలకు నిర్వాహకుడు ఒక్కడే. అతనికి జీతం లేదు. ఒకనాడు అతను పలకడం మానేస్తాడు. ఉద్యోగం మారి ఉండవచ్చు, ఇంట్లో బిడ్డ పుట్టి ఉండవచ్చు, జబ్బు చేసి ఉండవచ్చు, విసుగెత్తి ఉండవచ్చు. తప్పుల చిట్టా మాత్రం పెరుగుతూనే ఉంటుంది. అప్పుడు వాడుకునేవాళ్ళం ఏం చెయ్యాలి? ప్రశ్న ఇదీ.

ఇతరులకు నీతులు చెప్పేముందు నా సంగతి చెప్పుకోవాలి. మా కళాశాల సాహిత్య పత్రిక పాత సంచికలన్నీ యూనికోడ్‌కు ముందటి ఫాంట్లలో కంపోజయి ఉన్నాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చడానికి ఒక చిన్న ఉచిత ప్యాకేజీ దొరికింది. పని బాగానే చేసేది గాని, క్రావడి వచ్చినచోట తప్పుతుండేది. పాత ఫాంటులో క్రావడి అక్షరానికి ముందు పడుతుంది, యూనికోడ్‌లో తర్వాత రావాలి. ఆ మార్పిడిలో అది పక్క అక్షరానికి అంటుకుని 'చక్రం' కాస్తా 'చ్రకం' అయ్యేది. నిర్వాహకుడికి ఉత్తరం రాశాను. జవాబు లేదు. రెండోసారి రాశాను. మూడోసారి కోపంగా రాశాను: "మీకు ఆసక్తి పోయినట్టుంది. చేతకాకపోతే చేతనైనవాళ్ళకు అప్పగించండి." తెలుగు భాషకు సేవ చేస్తున్నాననే ధీమాతో రాశాను గనుక అందులో మర్యాద లోపించిందని కూడా అప్పుడు తోచలేదు.

తర్వాత 2024లో ఎక్స్‌జెడ్ వ్యవహారం బయటపడింది. దాని పూర్వకథ చదువుతుంటే, సరిగ్గా నా ఉత్తరంలోని ధోరణే అక్కడ ఎదురై సిగ్గుపడ్డాను.

ఎక్స్‌జెడ్ అనేది ఫైళ్ళను కుదించే పనిముట్టు. దాదాపు ప్రతి లినక్స్ వ్యవస్థలోనూ ఉంటుంది. దాన్ని ఏళ్ళ తరబడి నిర్వహించింది ఫిన్లండ్‌కు చెందిన ఒకే ఒక్క మనిషి. 2021లో 'జియా తాన్' అనే పేరుతో ఒకరు చిన్న చిన్న సవరణలు పంపడం మొదలుపెట్టారు. 2022 వేసవిలో వేరే పేర్లతో నిర్వాహకుడికి వరుసగా ఉత్తరాలు వచ్చాయి. పని నత్తనడక నడుస్తోందనీ, నిర్వాహకుడికి ఆసక్తి పోయిందనీ, కొత్తవాళ్ళకు అప్పగించాలనీ వాటి సారాంశం. తనకు ఆసక్తి పోలేదనీ, చాలాకాలంగా ఆరోగ్యం సహకరించడం లేదనీ, ఇది తాను జీతం లేకుండా చేస్తున్న పని అనే సంగతి గుర్తుంచుకోవాలనీ ఆయన జవాబిచ్చాడు. ఒత్తిడి ఆగలేదు. క్రమంగా జియా తాన్‌కు సహనిర్వాహకుడి హోదా దక్కింది. 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో వెలువడిన రెండు విడుదలల్లో ఒక దొంగదారి అమర్చి ఉంది. దూరం నుంచి యంత్రాల్లోకి ప్రవేశించడానికి వాడే ద్వారపాలక ప్రోగ్రాము ఆ దొంగదారి గుండా లొంగిపోతుంది; రహస్యపు తాళంచెవి ఉన్నవాడు ఆ యంత్రానికి యజమాని అవుతాడు. యంత్రంలో ప్రవేశానికి మామూలు కంటే అర సెకను ఆలస్యమవుతోందని గమనించి, ఆ అర సెకను ఎక్కడ పోతోందో వెతుకుతూ వెళ్ళిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు 2024 మార్చి 29న సంగతి బయటపెట్టాడు. అప్పటికది కొన్ని లినక్స్ పంపిణీల ప్రయోగాత్మక విడుదలల్లోకి చేరింది గాని, స్థిరమైన విడుదలల్లోకి ఇంకా పాకలేదు. పెద్ద ప్రమాదం తప్పింది.

ఒత్తిడి చేసిన ఆ పేర్లు బూటకమని తర్వాత పరిశీలించినవాళ్ళు అనుమానించారు. కావచ్చు. కాని నన్ను కలవరపెట్టింది అది కాదు. బూటకపు ఉత్తరాలు ఎందుకు పారాయి? అవి అసలు ఉత్తరాల మధ్య కలిసిపోయాయి గనుక. నిర్వాహకుణ్ణి నిందించడం, తొందరపెట్టడం, తప్పుకొమ్మనడం ఆ లోకంలో రోజువారీ మాట గనుక. దొంగనోటు చెల్లాలంటే అసలు నోటు చలామణిలో ఉండాలి. ఆ అసలు నోట్లు అచ్చువేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

"అయితే నిర్వాహకుడికి బాధ్యతే లేదా?" అని నా మిత్రుడొకడు నిలదీశాడు. ఏ బాధ్యత? ఈ ప్యాకేజీలతోపాటు వచ్చే లైసెన్సులను చదవండి. ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నాం, ఏ హామీ లేదు అనే నిబంధన వాటిలో దాదాపుగా ప్రతిదాంట్లోనూ కనిపిస్తుంది. ఇవ్వని మాట తప్పాడని మనిషిని నిందించడం న్యాయం కాదు. ఒకడు ఊరి దారిలో చలివేంద్రం పెట్టాడు. నాలుగు వేసవులు నీళ్ళు పోశాడు. ఐదో వేసవిలో కుండ ఖాళీగా ఉంటే దాహంతో వచ్చినవాడు విచారించవచ్చు. పెట్టినవాణ్ణి తిట్టే హక్కు అతనికెక్కడిది? అందులోనూ ఆ నీళ్ళు సీసాల్లో పట్టి అమ్ముకున్నవాడు తిడితే ఏమనాలి?

అమ్ముకున్నవాళ్ళ సంగతి ఊరకే అనడం లేదు. 2014 ఏప్రిల్‌లో ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ అనే ప్యాకేజీలో 'హార్ట్‌బ్లీడ్' అనే లోపం బయటపడింది. ఇంటర్నెట్‌లో రహస్యంగా సాగవలసిన లావాదేవీల్లో చాలా భాగం ఆ ప్యాకేజీ కాపలాలోనే సాగేవి. కోట్లకు పడగలెత్తిన కంపెనీలు దాన్ని వాడుకునేవి. దానికి అప్పటిదాకా విరాళాలుగా వస్తున్నది ఏడాదికి సుమారు 2,000 డాలర్లు! లోపం బయటపడ్డ ఆ నెలలోనే పెద్ద కంపెనీలన్నీ ఒక నిధి పెట్టి, తలా ఏడాదికి లక్ష డాలర్ల చొప్పున మూడేళ్ళు ఇస్తామన్నాయి. డబ్బు లేక ఇవ్వలేదన్న మాట అబద్ధమని దీనితోనే తేలింది. ఇల్లు కాలేదాకా బావి తవ్వించాలని ఎవరికీ తోచలేదు.

దీన్ని 'వెట్టి' అని వర్ణించే మిత్రులున్నారు. అదీ సరికాదు. వెట్టిలో దొర బలవంతం ఉంది. తెలంగాణ రైతులు పోరాడింది ఆ బలవంతం మీద. ఇక్కడ మొదలు ఇష్టంతోనే. ఒక యువకుడు తన అవసరానికో సరదాకో ఏదో రాసి నలుగురికీ పంచుతాడు. ఆ నలుగురు నాలుగు లక్షలైనప్పుడు సరదా చాకిరీగా మారుతుంది. మార్చింది ఏ దొరా కాదు. ఫలితాన్ని సామాజికం చేసి, శ్రమను ఒక్కడి నెత్తిన ఉంచిన ఏర్పాటే మార్చింది. లాభం కంపెనీలకు, వాడకం అందరికీ, అర్ధరాత్రి మేల్కొని తప్పు దిద్దే పని ఒక్కడికి. ఈ ఏర్పాటును రేపటి సమాజపు నమూనా అనడం రేపటి సమాజాన్ని అవమానించడమే.

రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రణాళిక ప్రకటించినప్పుడు ఆయన ఎత్తింది వాడుకరి స్వేచ్ఛ అనే ప్రశ్న. అది చిన్న ప్రశ్న కాదు; దానికి ఆయన ఇచ్చిన జవాబూ చిన్నది కాదు. 1998లో కొందరు 'ఓపెన్ సోర్స్' అనే కొత్త పేరు పెట్టి, స్వేచ్ఛ అనే మాటను పక్కకు నెట్టి, వ్యాపార వర్గాలకు ఇంపుగా చేశారు. ఐతే ఆ పాత పేరు కింద గాని, ఈ కొత్త పేరు కింద గాని, రాసినవాడు అలసిపోతే ఏమిటన్న ప్రశ్నకు లైసెన్సులో జవాబు లేదు. లైసెన్సు ఉన్నది ఆస్తిని గురించి. అలసట ఆస్తి వ్యవహారం కాదు.

"మరేం ఫర్వాలేదు, వేరు కాపురం పెట్టండి" అంటారు మరికొందరు. కోడ్‌ను నకలు చేసుకుని వేరే పేరుతో నడుపుకోవడాన్ని ఫోర్క్ అంటారు. లైసెన్సు దాన్ని అనుమతిస్తుంది, నిజమే. హార్ట్‌బ్లీడ్ తర్వాత ఓపెన్‌బీఎస్‌డీ వాళ్ళు లిబ్రెఎస్‌ఎస్‌ఎల్ పేరుతో అలాగే వేరు కాపురం పెట్టారు, నిలబడ్డారు కూడా. కాని వాళ్ళకు అప్పటికే సంఘం ఉంది, చేతులున్నాయి. ఒంటరి వాడుకరికి అది అంత తేలిక కాదు. ఎందుకంటే లైసెన్సు పంచిపెట్టింది కోడ్‌ను మాత్రమే. ప్యాకేజీ పేరునూ, ఆ పేరుమీద కొత్త విడుదల చేసే తాళంచెవినీ అది పంచలేదు. యంత్రాలు ప్యాకేజీలను పేరుతోనే తెచ్చుకుంటాయి. నేను నకలు తీసి ఎంత చక్కగా దిద్దినా, పాత పేరును నమ్ముకున్న యంత్రాలకు ఆ దిద్దుబాటు అందదు. చెరువు అందరిదీ, తూము తాళం ఒకరిదీ అన్నట్టుంది వ్యవహారం. మన మిత్రులు రద్దయిందనుకున్న ఆస్తి ఇక్కడ, ఈ పేరులో, ఈ తాళంచెవిలో దాక్కుని ఉంది.

అందుకే దొంగల కన్ను కోడ్ మీద కాదు, తాళంచెవి మీద. 2018లో ఈవెంట్-స్ట్రీమ్ అనే జావాస్క్రిప్ట్ ప్యాకేజీకి ఏమయిందో చూడండి. దాని రచయిత చాలాకాలంగా దాన్ని వాడడం లేదు. వారానికి పదిలక్షలకు పైగా దిగుమతి అయ్యే ఆ ప్యాకేజీని నేను చూసుకుంటానని ఒక అపరిచితుడు ఉత్తరం రాశాడు. రచయిత మంచిగానే తాళం ఇచ్చాడు. సెప్టెంబరులో ఆ అపరిచితుడు దానికి మరో ప్యాకేజీని తగిలించాడు. ఒక బిట్‌కాయిన్ సంచిని కొల్లగొట్టే కోడ్ అందులో ఉన్నట్టు నవంబరులో బయటపడింది. అప్పుడు కూడా లోకం రచయితనే తిట్టింది! తాళం ఇవ్వకపోతే మొండివాడు, ఇస్తే ద్రోహి. పోనీ, ఎవరికివ్వాలో, ఎలా ఇవ్వాలో ఆ తిట్టినవాళ్ళలో ఎవరైనా అంతకుముందు ఒక పద్ధతి ఏర్పరచి ఇచ్చారా?

నా వాదాన్ని రెండో కొసకు లాగేవాళ్ళు కూడా ఉన్నారు. "స్వచ్ఛంద సేవకులను ఏమీ అడగకూడదు, ఇచ్చింది పుచ్చుకుని ఊరుకోవాలి" అంటారు వాళ్ళు. ఇది వినయంలా వినిపిస్తుంది గాని, నిజానికి బాధ్యత తప్పించుకోవడమే. లక్షలమంది భద్రత ఒక తూము మీద ఆధారపడినప్పుడు, తూము తాళం ఒకరి జేబులో మరుగునపడి ఉండడం ఆ ఒకరి సొంత విషయం కాదు. విశ్రాంతి తీసుకునే హక్కు నిర్వాహకుడిది. దాన్ని ఎవరూ ప్రశ్నించకూడదు. తాళం శాశ్వతంగా పట్టుకుని ఉండే హక్కు వేరు; అది ఎవరికీ ఉండకూడదు. ఈ రెండు హక్కులనూ విడదీయకపోవడం వల్లనే సగంమంది నిర్వాహకుణ్ణి తిడుతున్నారు, సగంమంది పూజిస్తున్నారు.

విడదీయడం సాధ్యమేనా? సాధ్యమేనని చేసి చూపినవాళ్ళున్నారు. డెబియన్ అనే లినక్స్ పంపిణీని 1993 నుంచి స్వచ్ఛంద కార్యకర్తలు నడుపుతున్నారు. అక్కడ ఒక ప్యాకేజీని చూసుకునేవాడు పలకకపోతే, మరొక కార్యకర్త అతని స్థానం ఆక్రమించకుండానే అత్యవసరమైన దిద్దుబాటు చేసి పంపవచ్చు. నిర్వాహకుడికి అభ్యంతరముంటే ఆపుకునే వ్యవధి ఉండేలా దాన్ని కొన్ని రోజులు ఆలస్యపు వరుసలో ఉంచుతారు. చాలాకాలంగా దిక్కులేని ప్యాకేజీని చేపట్టాలనుకున్నవాడు ఆ మాట బహిరంగంగా ప్రకటించాలి. 21 రోజులు ఆగాలి. అభ్యంతరం రాకపోతేనే ముందుకు సాగాలి. అప్పుడు పంపినదీ కనీసం 7 రోజులు ఆలస్యపు వరుసలో ఉండాలి. 2018లో ఈ పద్ధతి రాసిపెట్టుకున్నారు. ఇక అలసిన నిర్వాహకుడు "నాకు సాయం కావాలి" అనో, "నేను వదిలేస్తున్నాను" అనో తలవంపులు లేకుండా ప్రకటించడానికి కూడా అక్కడ చోటుంది. పైథాన్ ప్యాకేజీల భాండాగారం కూడా 2018లోనే ఒక నియమావళి ఆమోదించింది. యజమానిని కనీసం మూడుసార్లు పలకరించాలి. ఆరు వారాలు చూడాలి. చేపడతానన్నవాడు అప్పటికే తన నకలులో పనిచేసి చూపించాలి. కొత్త పేరుతో ఎందుకు సరిపోదో చెప్పాలి.

ఈ నియమాలను గమనించండి. ఇవి నిర్వాహకుణ్ణి నిందించవు. అతని మౌనానికి కారణం అడగవు. అతని గౌరవానికి భంగం లేకుండా, ఎవడో ఒకడు చాటుగా ఉత్తరం రాసి తాళం రాబట్టుకునే వీలు లేకుండా, పని ముందుకు సాగేలా చూస్తాయి. ప్రజాస్వామ్యం అనే మాటను మనం ఎన్నో పెద్ద సందర్భాల్లో వాడుతుంటాం. ఈ చిన్న సందర్భంలో దాని అర్థం ఇరవైఒక్క రోజులు ఆగడం.

నియమాలుంటే చాలునని కూడా నేననను. జియా తాన్ రెండేళ్ళకు పైగా ఓపిగ్గా, బహిరంగంగా, అందరి కళ్ళముందే పనిచేశాడు. అతనికి కలిసివచ్చింది నియమాలు లేకపోవడం ఒక్కటే కాదు, నిర్వాహకుడి ఒంటరితనం. వచ్చిన ప్రతి సవరణనూ చదవడానికి జీతం తీసుకుని కూర్చున్న మరో ఇద్దరు ఉండి ఉంటే, దొంగ పని అంత సులభమయ్యేది కాదు. కాబట్టి ప్రశ్న మళ్ళీ జీతం దగ్గరికే వస్తుంది. 2024లో ఐరోపా సమాఖ్య చేసిన సైబర్ భద్రతా చట్టం ఈ విషయంలో ఒక సంగతి సరిగా పట్టుకుంది. సరుకు అమ్ముకునేవాడు తన సరుకులోని ప్యాకేజీల మంచిచెడ్డలకు తానే పూచీ పడాలంది. లాభాపేక్ష లేకుండా రాసి ఇచ్చేవాడి మీద ఆ పూచీ మోపలేదు. మన దేశంలో ప్రభుత్వ కార్యాలయాలు ఓపెన్ సోర్స్‌ను వాడాలని కేంద్ర ప్రభుత్వం 2015లో విధానం ప్రకటించింది. మంచిదే. వాడమనడం ఒక విధానం. పోషించమనడం మరొక విధానం. కార్యాలయం తాను వాడే ప్యాకేజీల జాబితా రాసుకోవాలనీ, వాటి నిర్వహణకు మనుషులను నియమించాలనీ, ఆ మనుషుల పని మళ్ళీ అందరికీ చెందాలనీ మనం అడగాలి. చందాలు పోగుచెయ్యడం దయ అవుతుంది. మనకు కావలసింది దయ కాదు, ఉద్యోగాలు.

విద్యార్థి మిత్రులు ఇక్కడ అడుగుతారు: "అవన్నీ వచ్చేదాకా మేమేం చెయ్యాలి?" చెయ్యవలసింది ఉంది. మీరు నమ్ముకున్న ప్యాకేజీ మూగబోతే, ముందు మీ పనిని తెలిసిన విడుదలకు కట్టివెయ్యండి. కొత్తది వచ్చిందని కళ్ళు మూసుకుని తెచ్చుకోకండి. ఇదివరకే ఎవరైనా ఆ తప్పు దిద్ది ఉన్నారేమో వెతకండి. నిర్వాహకుడికి రాయండి, డిమాండు కాదు, సిద్ధం చేసిన దిద్దుబాటు పంపండి, దాన్ని ఎలా పరీక్షించారో చెప్పండి, ఏ సాయం కావాలని అడగండి. జవాబు రాకపోతే ఆ దిద్దుబాటును మీ దగ్గర మీరే మోయండి. చేపట్టవలసి వస్తే ఒక్కరే చేపట్టకండి. కనీసం ఇద్దరుండండి, పేర్లు చెప్పండి, పని బహిరంగంగా చెయ్యండి. పాత నిర్వాహకుడు తిరిగివస్తే కూర్చోవడానికి కుర్చీ ఖాళీగా ఉంచండి. ఇవేవీ చెయ్యలేమనుకుంటే ఆ ప్యాకేజీని వాడడం మానండి. అదీ గౌరవనీయమైన పనే.

నేను రాసిన మూడు ఉత్తరాలనూ వెనక్కి తీసుకునే వీలు లేదు. నాలుగోది రాశాను. క్షమాపణ చెప్పి, మా కంప్యూటర్ శాఖ అధ్యాపకుడూ ఇద్దరు విద్యార్థులూ కూర్చుని సరిచేసిన క్రావడి నియమాన్ని దానితో జతచేశాను. దాని పొడవు పదిహేను పంక్తులు. మూడు ఉత్తరాలు రాయడానికి పట్టిన కాలంలో ఆ పని ఎప్పుడో అయిపోయేది. ఆ ఉత్తరానికీ జవాబు రాలేదు. రెండు నెలలు చూసి, ఇది ఫలానా ప్యాకేజీకి నకలు అని మొదటి పంక్తిలోనే చెప్పి, అసలు రచయిత పేరు పైన ఉంచి, కొత్త పేరుతో నలుగురం కలిసి నడుపుతున్నాం. 'చక్రం' ఇప్పుడు చక్రంగానే వస్తోంది.

ఆయన ఎందుకు పలకలేదో నాకు జవాబు చెప్పుకోవలసిన అవసరం ఆయనకు లేదు. మనం జవాబు చెప్పుకోవలసినది వేరే ఉంది. ఇన్నేళ్ళుగా ఆయన పని వాడుకుంటూ, ఆయన ఒక్కడే ఉన్నాడని మనకెందుకు తెలియలేదు?